యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు, 1948) భారతదేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలు పనిచేయడానికి కావలసిన శక్తిని అందించే ఫాస్ఫోక్రియాటిన్, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏటిపి) అనే పదార్థాలను కనుగొన్నవారిలో ఇతడు ఒకడు. ఫోలిక్ ఆమ్లము, బోదవ్యాధికి వాడే హెట్రజాన్, కాన్సరు చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, మొదటి టెట్రాసైక్లిన్ ఔషధమైన ఆరియోమైసిన్ ఇతని నాయకత్వంలో పనిచేసిన పరిశోధకుల కృషి వలన వెలువడ్డాయి. జీవితకాలంలో ఇతనికి పెద్ద పురస్కారాలేవీ లభించలేదు. మరణించేనాటికి ఇతని వయస్సు 53 సంవత్సరాలు.

బాల్యము, పాఠశాల విద్య

సుబ్బారావు 1895, జనవరి 12 న భీమవరంలో జన్మించాడు. ఈ పట్టణం నేడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. అప్పట్లో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఇతడు నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వలన ముందుగానే ఉద్యోగం విడిచిపెట్టవలసి రావడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది.

చిన్ననాట సుబ్బారావుకు చదువు మీద శ్రద్ధ తక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలనే ఆలోచనతో ఇల్లు విడిచి వెళ్ళగా, ఇంటివారు దారిలోనే పట్టుకొని వెనుకకు తీసుకువచ్చారు. తల్లి పట్టుదలతో రాజమండ్రిలో చదువు కొనసాగింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివాడు.

ఆ రోజులలో ఇతనికి ఆధ్యాత్మిక చింతన ఎక్కువగా ఉండేది. సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలని కోరుకున్నాడు. తల్లి అందుకు అంగీకరించలేదు. చివరకు వైద్యం నేర్చుకొని రోగులకు సేవ చేయాలనే నిర్ణయానికి వచ్చి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వైద్య విద్య

వైద్య విద్యకు కావలసిన ధనాన్ని స్నేహితులు, తరువాతి కాలంలో మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి సమకూర్చారు. 1919 లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది.

అవి జాతీయోద్యమం బలపడుతున్న రోజులు. గాంధీజీ పిలుపుననుసరించి సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు దుస్తులు ధరించేవాడు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుకు ఇది నచ్చలేదు. చదువులో బాగా రాణించినప్పటికీ సుబ్బారావుకు పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. దీనివలన మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరే అవకాశం పోయింది.

ఈ కాలంలోనే ఇతని సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో మరణించారు. వారిని బలిగొన్న వ్యాధి స్ప్రూ. దీనినే మనవారు సంగ్రహణి అంటారు. ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారంలోని పోషకాలను గ్రహించలేవు. ఎడతెగని విరేచనాలతోనూ, రక్తహీనతతోనూ రోగి క్షీణించిపోతాడు. కొంతకాలానికి సుబ్బారావు కూడా ఇదే వ్యాధి బారిన పడ్డాడు. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఇతడు కోలుకున్నాడు. ఆ తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడుగా చేరి, ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పద్ధతులలో పరిశీలించడానికి పూనుకున్నాడు. సంగ్రహణికి శాస్త్రీయమైన మందు కనుగొనాలనే కోరిక ఇతనిలో అప్పటినుండే బలంగా ఉండేది.

అమెరికా ప్రయాణము

కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేసిన సహాయంతోనూ, మామగారు సేకరించిన సొమ్ముతోనూ సుబ్బారావు అమెరికా బయలుదేరాడు. 1922, అక్టోబరు 26 న బోస్టన్ నగరం చేరాడు. అక్కడి హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశం దొరికింది గాని ఉపకారవేతనం దొరకలేదు. ఇతని పట్టాకు అమెరికాలో గుర్తింపు లేనందున వైద్యవృత్తి చేయడానికి కూడా వీలులేకపోయింది. పగలు చదువుకుంటూ, రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనివానిగా జీవనం గడిపాడు.

సుబ్బారావు అమెరికా వెళ్ళిన తరువాత స్వదేశంలో భార్యకు మగశిశువు జన్మించాడు. కాని ఆ శిశువు ఏడాది నిండకముందే మరణించాడు. మూడు సంవత్సరాలలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్ళిన సుబ్బారావు తరువాత ఎన్నడూ భారతదేశానికి తిరిగి రాలేదు.

భాస్వరాన్ని కొలిచే పద్ధతి

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత సుబ్బారావు హార్వర్డు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధకుడుగా చేరాడు. శరీర ద్రవాలలోను, కణజాలాలలోను ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలవడం వీరు చేపట్టిన మొదటి పని.

వీరి పద్ధతి సూత్రం సులభమైనది. ఫాస్ఫేటు ఉన్న ద్రావణానికి ఆమ్ల సమక్షంలో అమ్మోనియం మాలిబ్డేటును కలుపుతారు. ఏర్పడిన సంయోగ పదార్థాన్ని మరొక కారకంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ద్రావణంలో ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత గాఢంగా ఉంటుంది. తెలిసిన మోతాదు గల ద్రావణపు రంగుతో పోల్చి, పరీక్షించే ద్రావణంలోని భాస్వరాన్ని లెక్కకట్టవచ్చును. 1925 లో ప్రచురించిన ఈ పద్ధతికి ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి అని పేరు వచ్చింది. వైజ్ఞానిక సాహిత్యంలో అత్యధికంగా ఉదహరించబడిన పరిశోధనా పత్రాలలో ఇది ఒకటి. తరువాతి దశాబ్దాలలో ప్రపంచవ్యాప్తంగా జీవరసాయన విద్యార్థులు ఈ పద్ధతిని ప్రయోగశాలలో నేర్చుకున్నారు.

కండరాలలో శక్తి

ఈ పద్ధతిని కండరాల నుండి తీసిన సారంపై ప్రయోగించినప్పుడు ఒక విచిత్రం కనిపించింది. మామూలు ఫాస్ఫేటు ద్రావణంలో నీలిరంగు త్వరగా పూర్తిస్థాయికి చేరుతుంది. కండరపు సారంలో మాత్రం సమయం గడిచేకొద్దీ రంగు నెమ్మదిగా పెరుగుతూ వచ్చింది. కొలతలో దోషమని దీనిని వదిలివేయకుండా ఫిస్క్, సుబ్బారావులు కారణం వెదికారు. కండరంలో ఒక సున్నితమైన భాస్వర సంయోగపదార్థం ఉన్నదని, అది ఆమ్లంలో క్రమంగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్నదని వారు తెలుసుకొన్నారు. ఆ పదార్థమే క్రియాటిన్, ఫాస్ఫేటు కలసి ఏర్పడిన ఫాస్ఫోక్రియాటిన్. 1927 లో ఈ విషయాన్ని ప్రకటించారు. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని గుర్తించి దానికి ఫాస్ఫాజెన్ అని పేరుపెట్టారు.

కండరం సంకోచించేటప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుందనీ, విశ్రాంతి ఇస్తే మరల పెరుగుతుందనీ ప్రయోగాలలో తేలింది. 1929 లో ఫిస్క్, సుబ్బారావులు కండరాల నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరుచేసిన సంగతిని ప్రకటించారు. అదే సంవత్సరం వారికంటే కొద్దికాలం ముందు జర్మనీలో ఆటో మేయర్‌హాఫ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న కార్ల్ లోమన్ కూడా దీనిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఈ రెండు బృందాలూ స్వతంత్రంగా పనిచేసినవే.

ఈ ఆవిష్కరణలకు ఉన్న ప్రాధాన్యం తెలియాలంటే అప్పటి భావనను గుర్తుచేసుకోవాలి. గ్లూకోజు నుండి లాక్టిక్ ఆమ్లం ఏర్పడడమే కండరపు సంకోచానికి మూలకారణమని ఆనాటి శాస్త్రజ్ఞులు నమ్మేవారు. కండరాలపై పరిశోధనలకు గాను మేయర్‌హాఫ్, ఆర్కిబాల్డ్ హిల్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. అయితే లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా రసాయనంతో అడ్డుకున్నా కండరం కొంతసేపు పనిచేస్తుందనీ, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందనీ 1930 లో డెన్మార్కుకు చెందిన లండ్స్‌గార్డ్ నిరూపించాడు. దీనితో లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం కూలిపోయింది. కండర శాస్త్రంలో వచ్చిన ఈ మార్పుకు హార్వర్డులో జరిగిన ఈ పని ఒక ముఖ్య ఆధారము.

సుబ్బారావు 1930 లో హార్వర్డు నుండి పిహెచ్.డి. పొందాడు.

ఇంధనాలు అనేకం, శక్తి కరెన్సీ ఒకటే

మనిషి తినే ఆహారం, శరీరంలోని నిల్వలు అనేక రకాలు. గ్లూకోజు, కొవ్వు ఆమ్లాలు, కీటోన్ పదార్థాలు, అవసరమైతే మాంసకృత్తులు కూడా శరీరానికి ఇంధనాలే. కాని కండరపు తంతువు గాని, నాడీకణం గాని వీటిలోని శక్తిని నేరుగా వాడుకోలేదు. ఆ శక్తి ముందుగా ఏటిపి రూపానికి మారాలి. అందువలననే పాఠ్యపుస్తకాలలో ఏటిపిని శక్తి కరెన్సీ అని వ్యవహరిస్తారు. ఏటిపిలోని చివరి ఫాస్ఫేటు విడిపోయినప్పుడు వెలువడే శక్తితో కండరం సంకోచిస్తుంది. ఆ వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఇచ్చి ఏటిపిని మరల తయారు చేస్తుంది. పూర్తివేగంతో పరుగెత్తే మనిషికి ఈ నిల్వ సుమారు 10 సెకన్ల పాటు మాత్రమే సరిపోతుంది. తరువాత ఇతర ఇంధనాలను మండించి ఏటిపిని తయారు చేసుకోవలసిందే.

ఏ ఇంధనాన్ని ఎప్పుడు వాడాలనేది కణజాలాన్ని బట్టి, ఆహారం లభ్యతను బట్టి మారుతుంది. భోజనం చేసిన తరువాత గ్లూకోజు ప్రధాన ఇంధనం. సుమారు ఒక రోజు ఉపవాసంతో కాలేయంలోని గ్లైకోజెన్ చాలావరకు అయిపోతుంది. అప్పుడు కొవ్వు నిల్వలనుండి కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి విడుదలవుతాయి. కండరాలు, గుండె వీటిని వాడుకోగలవు గాని మెదడు చెప్పుకోదగినంతగా వాడుకోలేదు. ఈ లోటును కాలేయం తీరుస్తుంది. అది కొవ్వు ఆమ్లాలను అసిటోఎసిటేట్, బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే కీటోన్ పదార్థాలుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. అసిటోఎసిటేట్ నుండి కొంత అసిటోన్ కూడా ఏర్పడుతుంది. వాటిని వాడుకోవడానికి కావలసిన ఎంజైము కాలేయంలో లేదు. కనుక కాలేయం తాను తయారుచేసిన కీటోన్లను తాను ఖర్చు పెట్టుకోకుండా ఇతర అవయవాలకు అందిస్తుంది.

గుండె, మూత్రపిండాలు, కండరాలు, మెదడు కీటోన్లను ఎసిటైల్ కో-ఎ గా మార్చి, ఆక్సిజన్ సహాయంతో మండించి ఏటిపిని పొందుతాయి. ఎసిటైల్ కో-ఎ పెరిగినప్పుడు గ్లూకోజును మండించే మార్గంలోని పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే కీలకమైన ఎంజైము మందగిస్తుంది. అందువలన కీటోన్లు వాడే కణజాలంలో గ్లూకోజు ఖర్చు తగ్గుతుంది. ఉపవాసం వారాల తరబడి సాగితే కండరాలు ఎక్కువగా కొవ్వు ఆమ్లాలపై ఆధారపడి కీటోన్లను మెదడుకు వదులుతాయి. దీర్ఘకాలం ఉపవసించినవారిలో మెదడు కీటోన్లను ప్రధాన ఇంధనంగా వాడుతున్నదని 1967 లో జార్జి కాహిల్ బృందం చూపించింది. ఈ ఏర్పాటు లేకపోతే మెదడుకు కావలసిన గ్లూకోజు కోసం శరీరం తన కండరాలనే వేగంగా కరిగించుకోవలసి వచ్చేది. ఇన్సులిన్ ఉన్నంతవరకు కీటోన్ల ఉత్పత్తి అదుపులో ఉంటుంది. ఇన్సులిన్ బాగా లోపించిన మధుమేహ రోగులలో అది అదుపుతప్పి రక్తం ఆమ్లభరితమై ప్రాణాపాయం ఏర్పడుతుంది.

కీటోన్లపై పరిశోధన సుబ్బారావు చేసినది కాదు. కాని ఉపవాసంలో మెదడును నిలిపే కీటోన్ అయినా, పరుగులో కండరాన్ని నడిపే గ్లూకోజు అయినా చివరకు చేరేది ఏటిపి వద్దకే. దానిని తొలిసారిగా వేరుచేసిన ముగ్గురిలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

హార్వర్డు నుండి లెడర్లీకి

ఇంతటి పని చేసినా హార్వర్డులో సుబ్బారావుకు స్థిరమైన ఉన్నత పదవి లభించలేదు. తన పేరును ముందుకు తెచ్చుకోవడం ఇతని స్వభావంలో లేదు. ఇతడు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఫిస్క్ వెలుగులోకి రానీయలేదని, అందువలన వాటిని ఇతరులు ఎన్నో ఏళ్ళ తరువాత తిరిగి కనుగొనవలసి వచ్చిందని అక్కడ సహాధ్యాయిగా ఉన్న జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో పేర్కొన్నాడు. హిచింగ్స్ 1988 లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుడు.

1940 లో సుబ్బారావు హార్వర్డును వదలి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో పూర్తికాలం చేరాడు. ఇది అమెరికన్ సైనమిడ్ కంపెనీకి చెందిన సంస్థ. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు.

ఫోలిక్ ఆమ్లము

కాలేయాన్ని ఆహారంగా ఇస్తే కొన్ని రకాల రక్తహీనతలు నయమవుతాయని 1920 లలోనే తెలిసింది. కాలేయంలో ఉన్న ఆ గుణకారి పదార్థం ఏమిటో తేల్చడానికి సుబ్బారావు హార్వర్డులో ఉన్నప్పటినుండి కృషి చేశాడు. మరొకవైపు 1930 ల ఆరంభంలో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేసింది. ఆ సారంలోని పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తించబడింది. 1945 లో సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినట్లు ప్రకటించింది. మరుసటి సంవత్సరం దాని నిర్మాణాన్ని కూడా వెల్లడించింది.

పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనతకు అసలు మందు ఫోలిక్ ఆమ్లం కాదని, అది విటమిన్ బి12 అని 1948 లో తేలింది. కాని సంగ్రహణిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం చక్కగా పనిచేసింది. నేడు గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలలో ఉండేది ఇదే. గర్భధారణకు ముందునుండే వాడితే శిశువుల వెన్నుపాములో కలిగే కొన్ని జన్మలోపాలను ఇది నివారిస్తుంది.

కాన్సరు ఔషధాలు

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణాలు విభజన చెందలేవు. దానిని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాన్ని ఇస్తే వేగంగా పెరిగే కాన్సరు కణాలను ఆపవచ్చునా అనే ప్రశ్న బోస్టన్‌లోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు కలిగింది. అటువంటి పదార్థాలను సుబ్బారావు బృందం తయారు చేసి ఆయనకు పంపింది. వాటిలో అమినోప్టెరిన్ అనే మందును రక్త కాన్సరుతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఈ ఫలితాలు 1948 లో ప్రచురించబడ్డాయి. అంతకుముందు ఈ వ్యాధికి ఏ మందూ పనిచేసేది కాదు. దీని తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ రక్త కాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుతున్నారు.

హెట్రజాన్, ఆరియోమైసిన్

దోమకాటు ద్వారా వ్యాపించే బోదవ్యాధి కోస్తా ఆంధ్రలో ఎంతోకాలంగా పీడిస్తున్న వ్యాధి. బోదక్రిములు దోమలో పెరుగుతాయని ప్యాట్రిక్ మాన్సన్ 1877 లో కనుగొన్నాడు. ఆయన ప్రోత్సాహంతోనే రోనాల్డ్ రాస్ 1897 లో సికింద్రాబాదు సమీపంలోని బేగంపేటలో దోమ శరీరంలో మలేరియా క్రిమిని చూశాడు. వ్యాధి వ్యాపించే విధానం తెలిసినా బోదక్రిములను సులభంగా నిర్మూలించే మందు మాత్రం చాలాకాలం దొరకలేదు. 1947 లో సుబ్బారావు బృందం వెలువరించిన డైఇథైల్ కార్బమజైన్ ఈ లోటును తీర్చింది. హెట్రజాన్ అనే పేరుతో ఇది ప్రసిద్ధి చెందింది. భారతదేశంలో బోదవ్యాధి నిర్మూలనకు ప్రజలందరికీ సామూహికంగా ఇచ్చే మాత్రలలో ఇది ముఖ్యమైనది.

పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను సుబ్బారావు లెడర్లీలో నియమించాడు. డగ్గర్ మట్టి నమూనాలలోని సూక్ష్మజీవులను పరిశీలించి ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకాన్ని కనుగొన్నాడు. 1948 లో ప్రకటించిన ఈ మందుతో టెట్రాసైక్లిన్ తరగతి ఔషధాలు ప్రారంభమయ్యాయి.

సంగ్రహణికి ఇప్పుడు వైద్యులు సాధారణంగా ఇచ్చే చికిత్సలో రెండు మందులు ఉంటాయి. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్. సుబ్బారావు ఇద్దరు సోదరులను కోల్పోయిన వ్యాధికి వాడే ఈ రెండు మందుల మూలాలూ ఇతడు నడిపిన ప్రయోగశాలలోనే ఉన్నాయి.

మరణము

సుబ్బారావు 1948 ఆగష్టులో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. భారతీయులు అమెరికా పౌరసత్వం పొందడానికి వీలుకల్పించే చట్టం 1946 లో వచ్చింది. అయినప్పటికీ ఇతడు చివరివరకు ఆ దేశ పౌరుడు కాలేదు. భార్య శేషగిరి 1922 తరువాత ఇతనిని తిరిగి చూడలేదు.

గుర్తింపు

ఏటిపిని కృత్రిమంగా తయారుచేసిన అలెగ్జాండర్ టాడ్‌కు న్యూక్లియోటైడులపై చేసిన కృషికి గాను 1957 లో నోబెల్ బహుమతి లభించింది. కణంలో ఏటిపి తయారయ్యే విధానాన్ని వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఏటిపిని మొదట వేరుచేసినవారెవ్వరికీ ఆ బహుమతి రాలేదు.

1953 లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఇతని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995 లో భారత తపాలా శాఖ ఇతని చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆంగ్ల వైజ్ఞానిక పత్రికలలో ఇతని పేరు ఇంటిపేరు లేకుండా సుబ్బారో అనే రూపంలో కనిపిస్తుంది. కొలత పద్ధతిని వాడిన విద్యార్థులలో అనేకులకు అది ఒక తెలుగు వ్యక్తి పేరని తెలియదు. ఇతని పేరు మందుల పెట్టెలపై లేదు. ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకొనే గర్భిణి, హెట్రజాన్ మింగే గ్రామస్థుడు, రక్త కాన్సరు నుండి బయటపడిన బిడ్డ ఇతని కృషి ఫలాన్ని అనుభవిస్తున్నవారే.